ఐదవ సెక్షను

న్యాయవాదవృత్తి చరిత్ర: పదునొకండవ భాగము

1802 నాటి మదరాసు పదవ రెగ్యులేషను జిల్లా కోర్టులలో వకీలు పదవిని నెలకొల్పిన విధమును, 1846 నాటి చట్టము ఆ వృత్తిని జాతిమతభేదము లేక అర్హులందఱికిని తెఱచి, ఫీజు ఎంతయను సంగతిని వకీలునకును కక్షిదారునకును నడుమ ఒడంబడికకు విడిచిపెట్టిన విధమును గత భాగములలో చూచితిమి. ఫీజు పుచ్చుకొన్న వకీలు పని చెఱచినచో ఆ నష్టమును ఎవ్వరు భరింపవలెనను ప్రశ్న మాత్రము అక్కడ మిగిలిపోయినది. దానిని విచారించుట ఈ భాగమునకు పని.

ఒకప్పుడు తాలూకా కేంద్రమై, మొన్నటివఱకు విశాఖపట్నము జిల్లాలో నుండి, 2022 ఏప్రిలు 4 నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన మా చోడవరము ప్రాంతమున, ఓనమాలు రాని రైతునకు సైతము న్యాయశాస్త్రములో ఒక సూత్రము కంఠస్థము: ప్రోనోటు వ్రాసి మూడేండ్లు నిండినచో అది చిత్తుకాగితము. చెరకు తోటకని అప్పిచ్చినవాడు, పంటడబ్బు చేతికి రాలేదని ఋణస్థుడు ఎంత బ్రతిమాలినను, మూడవయేడు ముగియకమునుపే నోటు వెనుక కొంత సొమ్మునకు చెల్లు వేయించి సంతకము తీసికొనును. లేదా నోటు తిరుగ వ్రాయించును. ఆ రెండును కుదరనిచో నోటు పట్టుకొని వకీలు గుమాస్తా యొద్దకు పోవును. అట్టివాడొకడు గడువునకు ఇంకను నెలదినములుండగనే నోటును, కోర్టుఫీజును, వకీలు ఫీజును ఇచ్చి, వకాల్తాపై సంతకము చేసి ఇంటికి పోయెననియు, వకీలు ఆ కాగితములను బీరువాలో పెట్టి మఱచెననియు అనుకొందము. గడువు దాటిన మఱునాడు ఋణస్థుడు కోర్టునకు చిక్కడు. అప్పిచ్చినవాని సొమ్ము ఋణస్థుని మోసమువలన పోలేదు, తన యజాగ్రత్తవలనను పోలేదు. నమ్మి ఫీజిచ్చినవాని మఱపువలన పోయినది. ఆ మఱపునకు వెల కట్టించు దావా ఒకటి ఉన్నదా?

ఈ ప్రశ్నకు మన దేశమున చాలకాలము రెండు సమాధానములు ప్రక్కప్రక్కనే కాపురముండినవి. వకీలునకు ఒకటి, బారిస్టరునకు ఒకటి. బారిస్టరునకు చెల్లిన సమాధానము ఇంగ్లండునుండి ఓడలో దిగుమతియైనది. అది పుట్టిన కథ ఒక నవలకు చాలినంత యున్నది గనుక దానిని కొంత తీరికగా చెప్పక తప్పదు.

స్టాఫర్డుషైరు మండలమున స్విన్‌ఫెన్ హాలు అను ఎస్టేటు ఉండెను. దాని యజమాని శామ్యూల్ స్విన్‌ఫెన్ కుమారుడు, పనికత్తెగా నుండిన పేషెన్స్ అను యువతిని పెండ్లాడెను. 1854 లో మొదట కుమారుడును, కొలది వారములకే తండ్రియు మరణించిరి. తండ్రి తన అవసానకాలమున వ్రాసిన విల్లు ఎస్టేటును కోడలికి ఇచ్చెను. ఆ విల్లు చెల్లదని దాయాది కోర్టుకెక్కెను. 1856 మార్చిలో స్టాఫర్డులో విచారణ నడుచుచుండగా, ఆమె తరఫున నిలిచిన సుప్రసిద్ధ బారిస్టరు సర్ ఫ్రెడరిక్ థెసిజర్, గెలుపు కష్టమని తలచెనో ఏమో, ఆమె సమ్మతి లేకయే ఎదుటిపక్షముతో రాజీ కుదిర్చెను: ఎస్టేటు దాయాదికి, ఆమెకు సాలుకు వేయి పౌండ్ల భరణము. ఆమె ఆ రాజీని త్రోసిపుచ్చెను. పెద్ద పెద్దవారు నచ్చజెప్పినను, కోర్టు ధిక్కారమని బెదరించినను ఇల్లు విడువలేదు. అప్పుడు బర్మింగ్‌హాములో వృత్తి చేయుచుండిన చార్లెస్ రాన్ కెనడీ అను బారిస్టరు ఆమె పక్షమును పూని, సంవత్సరములతరబడి పోరాడి, రాజీని తుడిచివేయించి, 1858 లో జరిగిన పునర్విచారణలో ఎస్టేటును ఆమెకు గెలిచిపెట్టెను.

గెలిచినంతమాత్రమున ఆమె కోపము చల్లారలేదు. తన హక్కును తన యనుమతి లేక అమ్మివేసిన థెసిజరుపై నష్టపరిహారమునకు దావా వేసెను. ఆ మహాశయుడు అప్పటికి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ అను బిరుదముతో ఇంగ్లండు న్యాయపీఠములన్నిటికిని శిరోభూషణమైన లార్డ్ ఛాన్సలరు పదవి నధిష్ఠించినవాడు! 1860 లో కోర్టు చెప్పిన తీర్పు: నిజాయితీతో, దురుద్దేశము లేక వాదించిన బారిస్టరు పొరపాటు పడినను కక్షిదారునకు పరిహారము నీయనక్కఱ లేదు. ఇంతవఱకు కథ ఆమెకు ప్రతికూలము. మఱుసటి సంవత్సరమే అది విచిత్రముగా మలుపు తిరిగినది. 1861 లో పేషెన్స్ వేఱొక పురుషుని వివాహమాడెను. కేసు గెలిచినచో ఇరువది వేల పౌండ్లిత్తునని ఆమె తనకు మాటయిచ్చెనని కెనడీ దంపతులపై వ్యాజ్యము తెచ్చెను. జ్యూరీ ఆ సొమ్ము ఆయనకు ఇప్పించినది గాని, 1863 లో పైపీఠమున ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ ఆ తీర్పును త్రోసివేసెను: బారిస్టరు ఫీజు గౌరవదక్షిణయే కాని కూలి గాదు, దానికై ఒడంబడిక లేదు, దావాయు లేదు.

ఒకే యెస్టేటు, ఒకే స్త్రీ, ఇరువురు బారిస్టర్లు. పని చెఱచినవాడు పరిహార మీయనక్కఱలేదని ఒక తీర్పు, పని నెఱవేర్చినవాడు ఫీజు అడుగరాదని మఱియొక తీర్పు. ఈ రెండింటిని కలిపి చదివినవారికి, ఆ వృత్తి తనలో తాను చేసికొన్న లోపాయికారీ ఒప్పందము కనబడక మానదు: నేను నిన్ను కూలి అడుగను, నీవు నన్ను లెక్క అడుగవద్దు. పైకి త్యాగమువలె కనబడు ఈ సిద్ధాంతమున నష్టపడినవాడు కెనడీ వంటి ఏ కొద్దిమందియో. ఆచారము ప్రకారము బారిస్టర్ల ఫీజు సొలిసిటర్ల ద్వారా ముందుగనే ముట్టుచుండెను గనుక తక్కినవారికి కలిగిన లోటు లేదు.

ఇక మన దేశమున సంగతి. 1862 లో స్థాపితమైన మదరాసు హైకోర్టులో బారిస్టర్లును, అటార్నీలును, వకీళ్ళును ఉండిరి. మొఫస్సలులో, అనగా విశాఖపట్నము, రాజమహేంద్రవరము, చోడవరము వంటి చోట్ల, వకీలు లేక ప్లీడరు ఒక్కడే సమస్తమును. కక్షిదారుతో మాటలాడి ప్లెయింటు వ్రాయువాడు అతడే, దాఖలు చేయువాడు అతడే, సాక్షులను విచారించి వాదించువాడును అతడే. ఇంగ్లండులో సొలిసిటరు, బారిస్టరు ఇద్దఱు పంచుకొన్న పని ఇక్కడ ఒక్కని నెత్తిన పడినది. వకీలు ఒడంబడికపై ఫీజు పుచ్చుకొనెను గనుక ఒడంబడికపైననే జవాబుదారి. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 212వ సెక్షను ప్రకారము, ఏజంటు తన అజాగ్రత్తవలనను నేర్పులేమివలనను యజమానికి సూటిగా కలిగిన నష్టమును పూడ్చవలెను. వకాల్తా పుచ్చుకొన్నవాడు ఏజంటు గాక మఱేమి? బారిస్టరు మాత్రము వెంట తెచ్చుకొన్న ఇంగ్లీషు ఆచారము చాటున సుఖముగా నుండెను. రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరుగా వృత్తి నారంభించిన టంగుటూరి ప్రకాశము పంతులుగారు లండనుకు పోయి బారిస్టరై 1907 లో తిరిగివచ్చిరి. మనిషి మాఱలేదు, బుద్ధి మాఱలేదు, భాష మాఱలేదు, కాని కక్షిదారుతో ఆయనకు గల చట్టసంబంధము సముద్రమునందు మాఱినది. ఇట్టి వింత ఎంతకాలము నిలుచును?

1926 లో తెగినది. షామియర్ అధ్యక్షతను 1923 లో ఏర్పడిన భారత బారు సంఘము ఈ దేశమందలి న్యాయవాదులలోని తరగతుల భేదములను పరిశీలించిన పిమ్మట, ఆ సంవత్సరము రెండు చట్టములు వచ్చినవి. ఒకటి అందఱెఱిగిన బారు కౌన్సిళ్ళ చట్టము, ముప్పదియెనిమిదవది. రెండవది ఇరువదియొకటవది, ఐదే సెక్షనులు గలది, పేరు చూచిన ఫీజుల చట్టము. దానిలో మూడవ సెక్షను కక్షిదారు తరఫున పనిచేయు న్యాయవాది ఎవడైనను ఫీజును ప్రైవేటు ఒడంబడికతో నిర్ణయించుకొనవచ్చునని చెప్పినది. నాల్గవది ఆ ఫీజు రానిచో దావా వేయవచ్చునని చెప్పినది. ఐదవది, వృత్తి విధుల నిర్వహణలో అజాగ్రత్తవలన కలిగిన నష్టమునకై న్యాయవాదిపై దావా తెచ్చినపుడు, తాను న్యాయవాదిననునంత మాత్రముచేత అతడు తప్పించుకొనజాలడని చెప్పినది. స్విన్‌ఫెన్ తీర్పులు రెండును మూడు వాక్యములలో కొట్టివేయబడినవి. బాధ్యత ఫీజు వెంటనే వచ్చినది. అడుగు హక్కు గలవాడు చెప్పవలసిన బాధ్యతయు గలవాడేయని శాసనకర్తలు గ్రహించిరి. ఇంగ్లండు ఈ మెట్టునకు చేరుటకు ఇంకను డెబ్బదినాలుగేండ్లు పట్టినది: 1967 లో రాండెల్ కేసులో ప్రభువుల సభ ఫీజు వాదమును విడిచి ప్రజాప్రయోజనమను క్రొత్త యాధారముపై పాత రక్షణనే నిలిపినది, 1978 లో సైఫ్ అలీ కేసులో దానిని కుదించినది, 2000 లో హాల్ కేసులో దానిని ఎత్తివేసినది. ఈ విషయమున బానిసదేశము ప్రభుదేశమునకు ముందే నడచినదని చెప్పుకొనుటకు మనకు హక్కు గలదు.

చెప్పుకొనుటకే గాని, వాడుకొనుటకు గాదు. నా దృష్టిలో ఈ చరిత్రయందలి ప్రధానాంశమిదియే. ఆ చిన్న చట్టములో నాల్గవ సెక్షనును న్యాయవాదులు వాడుకొన్నంతగా ఐదవ సెక్షనును కక్షిదారులు వాడుకొనలేదు. కారణములు గ్రహించుట కష్టము గాదు. వకీలుపై దావా వేయవలెనన్నను వకీలే కావలెను. ఒకే బారు అసోసియేషనులో ఒకే గదిలో కూర్చుండి టీ త్రాగువారిలో ఒకరిపై ఒకరు వకాల్తా వేయుట చిన్న ఊరిలో ఎంత దుష్కరమో చెప్పనక్కఱ లేదు. అంతకు మించినది నిరూపణ భారము. మన ప్రోనోటు కథలో అప్పిచ్చినవాడు గెలువవలెనన్నచో వకీలు మఱచెనని చూపిన చాలదు. మఱవకుండినచో పాత దావా గెలిచియుండెడివాడననియు, డిక్రీ అమలులో సొమ్ము రాబట్టగలిగియుండెడివాడననియు చూపవలెను. ఋణస్థునకు ఆస్తి లేకపోయినచో నష్టమేమున్నది? దావా లోపల మఱియొక దావా నడుపవలెను. అందులో పాత ప్రతివాది వాదించియుండెడి వాదములన్నిటిని ఇప్పుడు తన వెనుకటి వకీలే తనపై వాదించును! కాలపరిమితి విషయమున మాత్రము చట్టము కక్షిదారునకు కొంచెము దయ చూపినది: 1963 నాటి చట్టములో, యజమాని తన ఏజంటుపై అజాగ్రత్తకై వేయు దావాకు మూడేండ్ల గడువు ఆ యజాగ్రత్త తనకు తెలిసిన దినమునుండి లెక్కకు వచ్చును.

ఈ అడ్డంకులచేత మన దేశమున చెడిన పనిని గూర్చిన ఫిర్యాదులు సివిలు కోర్టునకు గాక బారు కౌన్సిలునకు పోవుట అలవాటైనది. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము ముప్పదియైదవ సెక్షను దుష్ప్రవర్తనకు శిక్ష విధించును: మందలింపు, సస్పెన్షను, పేరు కొట్టివేత. మదరాసులో జరిగి 1978 లో సుప్రీంకోర్టు చేరిన రంగదురై కేసు మన ఊహాకథకు తోబుట్టువు. ఇరువది వేల రూపాయల మొత్తమునకు రెండు ప్రోనోట్లను వృద్ధదంపతులు వకీలునకు ఇచ్చిరి; దావా వేయలేదు; వేసితినని చెప్పి నంబరు చెప్పుటయు, వాయిదాలు చెప్పుటయు జరిగినది; నోట్లకు కాలదోషము పట్టినది. తమిళనాడు బారు కౌన్సిలు ఆరేండ్లు సస్పెండు చేసెను, అఖిలభారత కౌన్సిలు దానిని ఒక యేటికి తగ్గించెను, సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ శిక్షాకాలమున పేదలకు ఉచిత న్యాయసహాయము చేయుమని ఆజ్ఞాపించి శిక్షనే సేవగా మార్చెను. కృష్ణయ్యర్ హృదయమునకు నమస్కారము. కాని బారు కౌన్సిలు మార్గమున వకీలునకు శిక్ష పడునే గాని కక్షిదారునకు పోయిన సొమ్మునకు డిక్రీ రాదు.

ఐదవ సెక్షనును సుప్రీంకోర్టు సూటిగా చేపట్టినది 1988 లో, కర్ణాటకనుండి వచ్చిన వీరప్ప కేసులో. వకీలు అజాగ్రత్తకై దావా వేసిన కక్షిదారు, దావా నడుచుచుండగనే మరణించెను. దావా అతనితోనే చచ్చినదా, వారసులకు దక్కినదా అనునది ప్రశ్న. న్యాయవాదికి పరిహారము నుండి మినహాయింపు లేదని 1926 చట్టమును ఎత్తి చూపి, ఆ దావా కేవలము మనస్సునకు, పరువునకు కలిగిన గాయమునకైనచో కక్షిదారుతోనే అంతరించుననియు, ఆస్తికి కలిగిన నష్టమునకైనచో వారసులు కొనసాగింపవచ్చుననియు న్యాయస్థానము వివరించెను. చట్టము వచ్చిన అఱువది రెండేండ్లకు, అదియు దావా బ్రతికియున్నదా లేదా అను ప్రశ్నపై, ఇంత స్పష్టత లభించినది.

ఇక తెలుగునేలపై పుట్టిన కేసు. హైదరాబాదు నారాయణగూడలోని విజయాబ్యాంకు శాఖలో ఇరువది యిద్దఱికి గృహఋణములు అక్రమముగా మంజూరు చేసి బ్యాంకునకు రమారమి ఒక కోటి ఇరువదియేడు లక్షల నష్టము కలిగించిరని 2005 నవంబరులో సి.బి.ఐ. కేసు పెట్టెను. నిందితులలో ఆ బ్యాంకు ప్యానలు అడ్వొకేటును చేర్చిరి. పది ఋణముల విషయమున ఆయన ఇచ్చిన లీగల్ ఒపీనియన్లు అబద్ధములని ఆరోపణ. చోడవరమున ఋణమునకై బ్యాంకుకు పోయిన ప్రతివానికిని ఈ ఒపీనియన్ పరిచయమే: ఈసీ తీయించి, లింకు దస్తావేజులు వరుసగా చూచి, హక్కు నిర్దోషముగా నున్నదని వకీలు సంతకము చేసినగాని మేనేజరు ఫైలు కదలదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2010 లో అడ్వొకేటుపై కేసును కొట్టివేసెను. 2012 సెప్టెంబరు 21 న సుప్రీంకోర్టు, జస్టిస్ సదాశివం, జస్టిస్ ఖేహర్‌ల ధర్మాసనము, ఆ తీర్పును ఖాయము చేసెను. ఒపీనియన్ సరికానంతమాత్రమున న్యాయవాదిని నేరస్థుని చేయరాదు; కుట్రలో తక్కినవారితో చేయి కలిపెననుటకు ఆధారము కావలెను; ఆధారము లేనిచో, అజాగ్రత్త ఋజువైన పక్షమున ఆ అజాగ్రత్తకు, లేదా వృత్తి దుష్ప్రవర్తనకు మాత్రమే అతడు బాధ్యుడు. తెలుగు న్యాయవాదులకు ఈ తీర్పు ఊరట నిచ్చినది. కాని దీనిలో మఱియొక గీత దాగియున్నది. కుట్ర ఒకవైపు, అజాగ్రత్త ఒకవైపు. జైలునుండి కాపాడిన ఆ గీతయే బీమా కంపెనీలు తమ పాలసీలలో గీసికొన్న గీత.

ఇచ్చట బీమా ప్రసక్తి వచ్చినది. వృత్తిదారు అజాగ్రత్తవలన ఇతరులకు చెల్లింపవలసి వచ్చిన సొమ్మును భరించు పాలసీని ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ అందురు. 1973 జనవరి 1 న జనరల్ ఇన్సూరెన్సు జాతీయమైన పిమ్మట ప్రభుత్వ కంపెనీలు డాక్టర్లకు, ఇంజనీర్లకు, ఆడిటర్లకు, న్యాయవాదులకు గూడ దీనిని అమ్మినవి. డాక్టర్లు కొన్నారు, 1995 లో శాంత కేసు వారిని వినియోగదారుల చట్టము క్రిందికి తెచ్చుటతో మఱింతగా కొన్నారు. మన మొఫస్సలు వకీలునకు ఈ పాలసీ కొనుమని ఏ చట్టమును చెప్పదు. ఇతర దేశములలో ఇట్లు గాదు. ఇంగ్లండులో సొలిసిటర్లకు 1976 నుండి బీమా నిర్బంధము. 1987 లో వారు తమ స్వంతనిధి ఏర్పఱచుకొనిరి. 2000 లో దానిని విడిచి బజారు కంపెనీలకు మరలిరి. అమెరికాలో ఓరెగన్ రాష్ట్రము 1978 లోనే న్యాయవాదులందఱికిని ఒక ఉమ్మడి నిధిని నిర్బంధము చేసెను. ఐదవ సెక్షను మన కక్షిదారునకు హక్కు ఇచ్చినది గాని, ఆ హక్కును వసూలు చేసికొనుటకు ఇట్టి నిధి ఏదియు కల్పింపలేదు. వకీలు ఇల్లు తాకట్టులో ఉన్నచో డిక్రీ ఎవని గోడకు తగిలింపవలెను?

పాలసీ ఉన్నచోట తగవులు వేఱు రూపమున పుట్టును. మొదటిది కాలము. మోటారు బీమాలో ప్రమాదము జరిగిన దినమున పాలసీ జీవించియున్నచో చాలును. వృత్తి బీమాలో క్లెయిము వచ్చిన దినమున జీవించియుండవలెను, అదియుగాక తప్పు జరిగిన దినము పాలసీలో వ్రాసిన వెనుకటి తేదీకి తరువాతిదై యుండవలెను. మన వకీలు నోటును 2021 లో మఱచెననియు, పాలసీ 2023 లో కొనెననియు, నోటీసు 2024 లో వచ్చెననియు అనుకొందము. వెనుకటి తేదీ 2020 అయినచో కంపెనీ చెల్లింపవలెను. 2023 అయినచో అక్కఱ లేదు. అటుపై కంపెనీ రెండవ ప్రశ్న వేయును: దరఖాస్తు నింపునాటికి నోటునకు కాలదోషము పట్టినదని నీకు తెలియునా? తెలిసి చెప్పకపోయినచో పాలసీయే చెల్లదు. 1766 లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ కార్టర్ కేసులో స్థాపించిన పరమవిశ్వాస సూత్రము దీనికి మూలము. బీమా అడుగువాడు తన యెఱుకలోని ముఖ్యవిషయములను తానే చెప్పవలెను. ఇక్కడ న్యాయవాదికి చిత్రమైన సంకటము. తన తప్పు తనకు తెలిసినదనుట కక్షిదారు దావాకు ఊతము. తెలియదనుట తన అసమర్థతకు సాక్ష్యము.

రెండవది ఉద్దేశము. అజాగ్రత్తకు పాలసీ వర్తించును, మోసమునకును నేరమునకును వర్తింపదు. కోపముతో మండుచున్న కక్షిదారు ప్లెయింటులో 'ప్రతివాదితో కుమ్మక్కై' అని ఒక్క మాట వ్రాయించినచో, తాను గెలిచిననాడు కంపెనీ తలుపు మూసికొనును. గెలుపు ఎంత ఘనమైనదో వసూలు అంత తక్కువ. ఎదుటివానిని తిట్టవలెనను కోరికను, అతనినుండి రాబట్టవలెనను కోరికను ఒకే ప్లెయింటులో కూర్చుట సాధ్యము గాదని ఆ దావా వేయు రెండవ వకీలు ఎఱిగియుండవలెను.

మూడవది లెక్క, అనగా ఎన్ని తప్పులు జరిగినవని. పాలసీలో ఒక్కొక్క క్లెయిమునకు ఒక పరిమితి, ఏడాది మొత్తమునకు మఱియొక పరిమితి ఉండును. 2017 మార్చిలో ఇంగ్లండు సుప్రీంకోర్టు చెప్పిన వుడ్‌మన్ తీర్పు దీనికి ఆధునిక ప్రమాణము. టర్కీలోను, మొరాకోలోను విహారగృహములు కట్టింతుమని ఒక సంస్థ మదుపుదారుల సొమ్ము పుచ్చుకొనెను. స్థలములు సమకూడకమునుపే సొలిసిటర్లు ఆ సొమ్మును విడుదల చేసిరని రెండు వందలకు పైగా మదుపుదారులు దావాకు దిగిరి. మొత్తము కోటి పౌండ్లకు మించినది. పాలసీ ఒక్కొక్క క్లెయిమునకు ముప్పది లక్షల పౌండ్లు. ఇవన్నియు ఒకే క్లెయిమని కంపెనీ, కావని మదుపుదారులు. టర్కీ వ్యవహారములు ఒకదానితోనొకటి సంబంధించినవనియు, మొరాకోవి తమలో తాము సంబంధించినవనియు, ఆ రెండు గుంపులను ఒకటిగా కట్టరాదనియు లార్డ్ టూల్సన్ తీర్పు చెప్పెను. నారాయణగూడ బ్యాంకులోని పది ఒపీనియన్లపై బ్యాంకు పరిహారమునకు దావా వేసియుండినచో, బీమా ఉండియుండినచో, ఈ ప్రశ్నయే పుట్టియుండును: పది ఇండ్లు, పది దస్తావేజులు, ఒక్క బ్యాంకు, ఒక్క వకీలు, ఇది ఒక తప్పా, పది తప్పులా? బ్యాంకు పది అనును, కంపెనీ ఒకటనును. మొత్తము స్వల్పమైనచో వారి వాదములు తలక్రిందులగుటయు కద్దు. ఏలయన ప్రతి క్లెయిమునకును మొదటి కొంతభాగమును వకీలే భరింపవలెను.

మఱియొక లోటు. మోటారు ప్రమాదమున గాయపడినవాడు బీమా కంపెనీనుండి సూటిగా రాబట్టుకొనుటకు 1939 చట్టము తొంబదియాఱవ సెక్షను, దాని వారసురాలైన 1988 చట్టము దారి చూపినవి. వకీలువలన నష్టపోయినవానికి అట్టి దారి లేదు. పాలసీ వకీలునకును కంపెనీకిని నడుమనున్న కాగితము. కక్షిదారు దానికి పరాయివాడు.

ఈ కష్టములన్నిటికి పరిహారముగా వినియోగదారుల ఫోరము కనబడినది. 2007 ఆగస్టులో జాతీయ కమిషను, ఢిల్లీలో ఒక చెక్కు కేసునుండి పుట్టిన వివాదమున, న్యాయవాది సేవయు వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని తీర్పు చెప్పెను. న్యాయవాద సంఘములు సుప్రీంకోర్టుకెక్కినవి. తీర్పు అమలు నిలిచినది. వివాదము పదునాఱేండ్లు పెండింగులో నుండెను. 2024 మే 14 న జస్టిస్ బేలా త్రివేది, జస్టిస్ పంకజ్ మిత్తల్ వేర్వేఱు తీర్పులలో ఒకే నిర్ణయమునకు వచ్చిరి: న్యాయవాదవృత్తి తక్కిన వృత్తులవంటిది గాదు, కక్షిదారు చెప్పుచేతలలో నడుచు వ్యక్తిగత సేవ అది, వినియోగదారుల చట్టమున ఇమడదు. డాక్టర్ల విషయమైన శాంత తీర్పును గూడ విస్తృత ధర్మాసనము మరల పరిశీలించుట మంచిదని వారు సూచించిరి; ఆ సంవత్సరమే నవంబరులో త్రిసభ్య ధర్మాసనము అట్టి పరిశీలన ఇప్పుడక్కఱలేదని ముగించెను. కనుక నేడు అజాగ్రత్త చూపిన డాక్టరుపై ఫోరమునకు పోవచ్చును, వకీలుపై పోరాదు. కక్షిదారు వకీలును శాసించునని, రోగి డాక్టరును శాసింపడని ఈ భేదమునకు చెప్పిన కారణము. చోడవరము కోర్టు వసారాలో వాయిదా ఏమైనదో తెలియక గుమాస్తా ముఖము వంక చూచుచు నిలిచిన కక్షిదారులను ఎఱిగినవారికి, ఆ శాసనాధికారము ఎవరిదో నిర్ణయించుట అంత సులభముగా తోచదు.

ఆ తీర్పు ఐదవ సెక్షను జోలికి పోలేదు. సివిలు కోర్టు తలుపు తెఱచియే యున్నదని చెప్పినది. ఆ తలుపు దాటవలసినవాడు 1956 నాటి కోర్టుఫీజుల చట్టము ప్రకారము, తాను అడుగు పరిహారము మొత్తముపై, మొదటి దావాకు ఇచ్చిన కోర్టుఫీజు గాక, మరల కోర్టుఫీజు కట్టి, రెండవ వకీలునకు వకాల్తా ఇచ్చి, ఆయన ఫీజును గూర్చి 1926 చట్టము మూడవ సెక్షను ప్రకారము ఒడంబడిక చేసికొనవలెను.

వచ్చు భాగమున, 1879 చట్టము ముప్పదియాఱవ సెక్షనుతో కోర్టు గోడలపై దళారుల పేర్ల జాబితాలు ప్రకటింప నారంభించిన నాటినుండి, 2023 నాటి సవరణతో ఆ చట్టము రద్దై దళారుల సంగతి అడ్వొకేట్ల చట్టములోనికి మాఱిన నాటివఱకు, ఆ జాతి చరిత్రను చూతము.

(సశేషము)